కాకినాడ కాలువలు, పడవ షికారు: ఏ నీటి మీద, ఏ వేళకి

"కాకినాడని మన అలెప్పీ అంటున్నారు కదా, సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో మూడు రోజులు వద్దామనుకుంటున్నాం. ఊళ్లో కాలువల మీద పడవ షికారు ఎక్కడ దొరుకుతుంది? ఊరి గురించి కూడా కాస్త చెప్పండి" అని అడిగారు.

నేను తూర్పు డెల్టా కాలువల మీద ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఇల్లు తాళ్లరేవు వైపు. అందుకని కాస్త వివరంగానే చెబుతాను. కాకినాడలో కాలువలూ ఉన్నాయి, పడవలూ ఉన్నాయి. కానీ ఇప్పుడు ఆ రెండూ ఒకచోట లేవండి. కాలువల్లో వచ్చేది గోదావరి మంచినీరు. అది చేలకీ, కుళాయిలకీ పోతుంది. పడవలు తిరిగేదంతా ఉప్పునీటి మీద: ఊళ్లో ఉప్పుటేరు, కోరంగి మడ అడవుల్లో పాయలు, బయట అఖాతం. మంచినీటి కాలువ లాకుల చెప్పుచేతల్లో, అంటే నీటిని ఆపి వదిలే తలుపుల చెప్పుచేతల్లో ఉంటుంది. ఉప్పునీరు పోటుపాట్ల చెప్పుచేతల్లో, అంటే సముద్రం ఎక్కే, దిగే వేళల చెప్పుచేతల్లో ఉంటుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుని ప్రయాణం వేసుకుంటే మూడు రోజులూ హాయిగా గడుస్తాయి. లేదంటే పిల్లల్ని తీసుకుని కాలువ గట్ల వెంట పడవ కోసం వెతకడంతోనే సరిపోతుంది.

అలెప్పీతో పోలిక ఎందుకు కుదరదో కూడా చెప్పాలి. అక్కడ వెంబనాడు కాయల్, అంటే ఉప్పునీటి సరస్సు, దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది. అంత విశాలమైన నిలకడ నీటి మీద, కుట్టనాడు ధాన్యం మోసిన కెట్టువళ్లాలనే పాత సరుకు పడవల్ని గదుల పడవలుగా మార్చి తిప్పుకుంటున్నారు. మన కాలువలు అలాంటివి కావు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా వాలు మీద పారే నీరు ఇది. మధ్యలో మెట్లు మెట్లుగా లాకులు ఉంటాయి. పైగా వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేస్తారు. ఏడాదంతా తేలే గదుల పడవని ఇలాంటి కాలువలో నడపడం కుదిరే పని కాదు.

అలాగని పడవలకి ఈ కాలువలు పనికిరావని కాదు. వీటిని తవ్విందే రెండు పనులకీ. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టాడు, 1852కల్లా పూర్తయింది. రైలు మార్గాలకన్నా జలమార్గాలు చవకని జీవితమంతా వాదించిన మనిషి ఆయన. అందుకే ప్రధాన కాలువల్ని పడవ నడిచే వెడల్పుతో, పడవ దిగే లాకులతో వేశారు. ధవళేశ్వరం నుంచి కడియం మీదుగా సామర్లకోట, అక్కణ్ణించి కాకినాడ, మొత్తం సుమారు 50 కిలోమీటర్ల కాలువ ఇది. గోదావరి దాటితే విజ్జేశ్వరం నుంచి ఏలూరు కాలువ బెజవాడ దాకా వెళుతుంది. కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా, ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ మద్రాసు దాకా, ఇంకా దక్షిణానికి. అంటే కాకినాడలో పడవెక్కిన ధాన్యం బస్తా నేలమీద దిగకుండా మద్రాసు చేరేది. 2008లో కేంద్రం ఈ దారినే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు కాలువలు, భద్రాచలం నుంచి గోదావరి, వజీరాబాద్ నుంచి కృష్ణ, అన్నీ కలిపి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అయితే పనులు కనబడింది ప్రధానంగా కృష్ణ మీద ముక్త్యాల, విజయవాడ మధ్యనే. మా కాలువలో సరుకు పడవ మళ్లీ రాలేదు.

మీరు రాజమండ్రి మీదుగా వస్తుంటే కడియం దగ్గర ఆగండి. నర్సరీలు చూడటానికి ఎలాగూ అందరూ ఆగుతారు. ఆ పక్కనే లాకులున్నాయి, పిల్లలకి అవి చూపించండి. లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య రాతితో కట్టిన తొట్టి. ఎగువ నుంచి వచ్చిన పడవ అందులోకి రాగానే వెనక తలుపులు మూసేవారు. కింద తూము షట్టరు ఎత్తితే తొట్టిలో నీరు మెల్లగా దిగువ మట్టానికి దిగుతుంది, నీటితో పాటే పడవా దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తెరిస్తే పడవ సాగిపోతుంది. తలుపులు రెండూ తిన్నగా కలవవు. ఎగువ వైపుకి కోణంగా కలుస్తాయి, నీటి ఒత్తిడే వాటిని బిగించి పెడుతుంది. రెండు పక్కలా నీరు సమానం కానంతవరకు ఎంతమంది నెట్టినా కదలవు. సమానమయ్యాక ఇద్దరు లస్కర్లు, అంటే లాకు పనివాళ్లు, దూలానికి నడుం ఆనించి నెడితే చాలు, తెరుచుకుంటాయి. లాకు అంచు రాళ్లని దగ్గరగా చూడండి. కొన్నిచోట్ల వేలు పట్టేంత లోతున నున్నటి గాడులు కనిపిస్తాయి. అవి ఉలితో చేసినవి కావు, తరాల పాటు పడవ తాళ్లు ఒరిసి పడ్డవి.

నేను ఉద్యోగంలో చేరేనాటికే కాలువ మీద పడవలు బాగా తగ్గిపోయాయి. అప్పటి పాత లస్కర్లు చెప్పేవారు, కోతలైన రోజుల్లో లాకు ముందు పడవలు బారులు తీరేవని, వాటి వరస కోసం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని గట్టు మీద తిరగాల్సి వచ్చేదని. ధాన్యం, కొబ్బరికాయలు, కలప, ఇటుక, సున్నం అన్నీ నీటి మీదే. మనుషుల కోసం రాదారి పడవలు ఉండేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం, లోతు తక్కువైన చోట గెడ వేయడం. 1900 నాటికి గోదావరి మీద రైలు వంతెన వచ్చినా పడవలు వెంటనే పోలేదు. అసలు దెబ్బ లారీలు కొట్టాయి. ఇంటి గుమ్మం దగ్గర బస్తా దించే లారీ ఉండగా లాకుల దగ్గర వరస కోసం ఎవరు కాసుకుంటారు? ఆ తర్వాత కాలువల మీద కట్టిన వంతెనలు చాలావరకు పడవ సంగతే తలచుకోకుండా కిందికి కట్టారు. గుర్రపుడెక్క కలుపు నీటిని కమ్మేసింది. చాలా లాకుల్లో తలుపులు పోయి నీటి మట్టం నిలిపే షట్టర్లే మిగిలాయి.

కాలువల్లో చెత్త పోయడం, మురుగు వదలడం చూస్తే నాకు కడుపు రగులుతుంది. ఈ నీళ్లే పది లక్షల ఎకరాల పైచిలుకు డెల్టాకి తిండి పెడుతున్నాయి. కాకినాడ ఊరు తాగేదీ ఈ నీళ్లే. సామర్లకోట, అరట్లకట్ట దగ్గర చెరువుల్లో నింపుకుని, కాలువలు కట్టేసిన వేసవిలో వాటితోనే గట్టెక్కుతారు. ఇలాంటి కాలువలో సంచీల కొద్దీ చెత్త విసిరేవాళ్లని చూస్తూ ఊరుకోకండి, ఒక మాట అనండి. కాటన్ దొర జయంతి మే 15. ఏటా ఆ రోజు విగ్రహాలకి దండలు పడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలువలు కట్టేసి ఉంటాయి, పూడిక తీయడానికి, గట్లు బాగుచేయడానికి ఏడాదిలో దొరికేది ఆ కొద్ది వారాలే. దండ వేసిన చేత్తోనే ఆ పనులు ఎంతవరకు వచ్చాయో కూడా చూస్తే బాగుంటుందని ప్రతి మేలోనూ అనుకుంటాను.

ఇక ఊళ్లోకి వద్దాం. కాకినాడని రెండుగా చీలుస్తూ వెళ్లే ఉప్పుటేరుకి ఒకవైపు పాత ఊరు జగన్నాథపురం, రెండోవైపు వీధులు గళ్లు గీసినట్టు తిన్నగా సాగే ఊరు. జగన్నాథపురం డచ్చివాళ్ల స్థావరం. 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. అప్పటికి ఈ తీరంలో పెద్ద రేవు కాకినాడ కాదు, దక్షిణాన ఉన్న కోరంగి. ఓడలు కట్టడానికీ, బాగుచేయడానికీ పేరుపడ్డ రేవు అది. 1789 ఉప్పెన ఒకసారి, 1839 నవంబరు ఉప్పెన మరోసారి దాన్ని ఊడ్చేశాయి. ఏటిమొగ కూడా పూడిపోతూ వచ్చింది. వ్యాపారం కాకినాడకి తరలింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఈ రేవు దశ తిరిగింది. మా వైపు నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లిన కూలీలు ఎక్కిన ఓడలూ ఈ తీరం నుంచే బయల్దేరాయి. కాంగ్రెస్ మహాసభ 1923లో ఇక్కడే జరిగింది, మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు.

ఉప్పుటేరు మీద జగన్నాథపురం వంతెన దగ్గర పొద్దున్నే కాసేపు నిలబడమని మీ నాన్నగారికి చెప్పండి, ఆయనకి నచ్చుతుంది. ఒకపక్క చేపల పడవలు, ఇంకోపక్క బియ్యం బార్జీలు. కాకినాడ పాత రేవులో ఓడ ఒడ్డుకి రాదు, లోతు చాలదు. కిలోమీటర్ల దూరంలో లంగరేసి ఆగుతుంది. లారీల్లో వచ్చిన బియ్యం బస్తాలు ఉప్పుటేరు ఒడ్డున బార్జీలోకి ఎక్కుతాయి. బార్జీని టగ్గు ఓడ దాకా లాక్కెళుతుంది. అక్కడ ఓడ క్రేన్లు బస్తాల్ని పైకి తీసుకుంటాయి. ఆఫ్రికా దేశాలకి పోయే బియ్యంలో చాలాభాగం ఇలా వెళ్లిందే. తర్వాత కట్టిన లోతునీటి పోర్టులో ఓడలు నేరుగా జెట్టీకి వస్తాయి, కానీ బార్జీల పని ఆగలేదు. ఇది పనివాళ్ల చోటు, షికారు చోటు కాదు. వంతెన మీద నుంచో, దూరంగా గట్టు మీద నుంచో చూడండి, బస్తాలు మోసేవాళ్ల దారికి అడ్డం రాకండి. కుంభాభిషేకం రేవులో చేపల వేలం కూడా అంతే. పొద్దున్నే వెళ్లాలి, తడికి జారని చెప్పులేసుకోవాలి.

పిల్లలకైతే కోరంగి. పడవ షికారుకి నా మొదటి ఓటు అదే. కాకినాడ నుంచి యానాం రోడ్డులో చొల్లంగి దాటుతుంటే ఎడమచేతివైపు అభయారణ్యం బోర్డు కనిపిస్తుంది. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మడ అడవి, 1978లో అభయారణ్యం అయింది. గోదావరి పాయ గౌతమి నుంచి చీలిన కోరంగి ఏరు, గాడేరు ఈ అడవిలోంచే అఖాతంలోకి వెళతాయి. లోపల చెక్క వంతెన దారి ఉంది. పెద్దవాళ్లు కూడా మెల్లగా నడవగలరు, మధ్యలో కూర్చోవచ్చు. దారి చివర రేవు దగ్గర అటవీ శాఖ బోట్లు ఉంటాయి.

ఇక్కడే పోటుపాట్ల లెక్క చూసుకోవాలి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైన కొద్ది నిమిషాలు. రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు పోటు పొద్దున్న పదింటికి నిండితే రేపు పదకొండుకి కాస్త ముందు నిండుతుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాతి ఒకటి రెండు రోజులు నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. అష్టమి చుట్టుపక్కల ఎక్కడమూ తక్కువే, దిగడమూ తక్కువే. మా వైపు చేపలవాళ్లకి గడియారం కన్నా తిథి ముఖ్యం. పాటు వేళకి వెళితే పాయలో బురదే కనిపిస్తుంది, బోటు కదలదు. "బోటింగ్ లేదంట" అని విసుక్కుని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది ఇలా వచ్చినవాళ్లే. ఫోనులో కాకినాడ పోటు సమయాలు దొరుకుతాయి. పోటు నిండడానికి గంటన్నర ముందు రేవుకి చేరేలా చూసుకోండి. నీరు ఎక్కుతున్నప్పుడు వెళ్లి, నిండుగా ఉండగా తిరిగొస్తారు.

అయితే పాటు వేళ చెక్క దారి మీద నడవడం వృథా అనుకోకండి. అసలు అడవి బయటపడేది అప్పుడే. నల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి జానెడు జానెడు వేళ్లు ఆకాశంలోకి నిటారుగా లేచి ఉంటాయి. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వాటితోనే ఊపిరి తీసుకుంటుంది. ఉప్పుపొన్న వేళ్లయితే కొమ్మల్లోంచి వంగి కాళ్లలా బురదలో దిగి ఉంటాయి. బురద మీద గెంతే చిన్న చేపలు, ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండి దాన్ని ఊపుతూ తిరిగే పీతలు, పిల్లలు వీటి దగ్గర్నుంచి కదలరు. మడ ఆకు వెనక వేలితో రాసి నాలికకి అద్దుకుంటే ఉప్పగా ఉంటుంది, చెట్టు తాగిన ఉప్పుని అలా బయటికి పంపేస్తుంది. కానీ ఆకులు తుంచనివ్వకండి. తిల్ల చెట్టు కూడా ఇక్కడ విరివిగా ఉంది. దాని ఆకు తుంచితే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. గైడుని అడిగి ఆ చెట్టేదో ముందే పిల్లలకి చూపించండి. బావురుపిల్లి, నీటికుక్కలు ఈ అడవిలో ఉన్నాయి. బావురుపిల్లి రాత్రి తిరిగే జంతువు, పగలు కనబడకపోతే నిరాశ పడొద్దు. పక్షులకి మాత్రం మీరు వచ్చే జనవరే మంచి కాలం.

సంక్రాంతి తర్వాత అన్నారు కాబట్టి పంచాంగం ఒకసారి చూడండి. పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య, చాలా ఏళ్లు ఆ రోజుల్లోనే పడుతుంది. గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానాలకి వేలాదిగా జనం వస్తారు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలయ్యేదీ అక్కడే, ముగిసేది అంతర్వేదిలో. మీ అమ్మగారికి స్నానం చేయాలని ఉంటే ఆ రోజుకే రండి. లేదంటే ఆ ఒక్క రోజు కోరంగి పెట్టుకోకండి, యానాం రోడ్డంతా జనమే.

హోప్ ఐలాండ్ గురించి కూడా అడుగుతారు. గౌతమి మోసుకొచ్చిన ఇసుక రెండు వందల ఏళ్లలో మేటవేసి ఉత్తరానికి సాగిన దిబ్బ అది, 16 కిలోమీటర్ల దాకా పొడవుంటుంది. అఖాతానికి అడ్డుగోడలా నిలిచి అలల్ని తన మీద కాచుకుంటుంది. కాకినాడ దగ్గర ఓడలు నిశ్చింతగా లంగరేసుకోగలుగుతున్నాయంటే దాని చలవే. జనవరి నుంచి తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి, ఆలివ్ రిడ్లే తాబేళ్లు. అక్కడికి వెళ్లే బోట్లు ఒక ఏడు తిరుగుతాయి, ఒక ఏడు ఆగుతాయి. అటవీ శాఖ అనుమతి ఉన్న బోటయితేనే ఎక్కండి. రేవులో ఎవరో చేపల పడవవాడు చవకగా తీసుకెళతానంటే మాత్రం వద్దు. అఖాతం చూడటానికి చెరువులా కనిపిస్తుంది, మధ్యాహ్నం గాలి తిరిగాక చిన్న పడవని ఎలా ఆడిస్తుందో ఒడ్డు నుంచి తెలియదు.

గదుల పడవలో రాత్రి గడపాలన్న కోరిక ఉంటే దానికి కోనసీమ వెళ్లాలి. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటి, అమలాపురం, రాజోలు మీదుగా దిండి. అక్కడ వశిష్ఠ గోదావరి వెడల్పుగా, నిదానంగా ఉంటుంది, పర్యాటక శాఖ హౌస్‌బోట్లు అక్కడే. మీరు అలెప్పీ అనుకుని వెతుకుతున్నది నిజానికి ఇదే. మూడో రోజు దానికి ఉంచుకోండి, గది ముందే మాట్లాడుకోండి. అటునుంచి రాజమండ్రి వెళ్లి రైలెక్కేట్టయితే దారి కొంచెం తిప్పి ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూడొచ్చు, పూతరేకులూ అక్కడే కొనుక్కోవచ్చు. ఈమధ్య సంక్రాంతికి అక్కడి కాలువలో పడవ పందేలు పెడుతున్నారు. మంచినీటి కాలువ మీద మళ్లీ తెడ్లు కదలడం చూసి నాకు చాలా సంతోషమేసింది.

కాకినాడలో తిండి సంగతి నేను చెప్పక్కర్లేదు, గొట్టం కాజా ఎక్కడ దొరుకుతుందో ఆటోవాళ్లే చెబుతారు. పులస మాత్రం జనవరిలో అడగకండి. అది వరద నీటికి ఎదురీదుతూ వచ్చే జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల చేప. ఆ నెలల్లో గోదావరి మీద షికారు అసలే పెట్టుకోకూడదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, లంకలన్నీ మునిగాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఏం చేసిందో మా తరంవాళ్లెవరినైనా అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకి వేట నిషేధం, రేవంతా పడవలు కట్టేసి ఉంటాయి. మీరు ఎంచుకున్న కాలమే అన్నిటికన్నా మంచిది.

చివరిగా లైఫ్ జాకెట్ల మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగి ఎంతమంది పోయారో తెలుసు కదా. ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి, కానీ జాకెట్ వేసుకోవాల్సింది మనమే. ఉక్కగా ఉందని విప్పేస్తారు, ఫొటో కోసం విప్పేస్తారు. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ వేస్తే నీటిలో పడగానే అది తల మీదుగా జారిపోతుంది. ఎక్కేముందే పిల్లల కొలత జాకెట్లు ఉన్నాయా అని అడగండి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి పైకి వస్తే అది వాళ్లకి సరిపోదు. సరిపడేది లేదంటే ఆ బోటు ఎక్కొద్దు, తర్వాతి బోటు వచ్చేదాకా ఆగండి.